విననట్టు

మా బుజ్జిగాడి స్కూలు డైరీలో ఇవాళ వాళ్ళ టీచరు ఎర్ర సిరాతో రాసిన ఒక వాక్యం: "పిలిస్తే విననట్టు నటిస్తున్నాడు." పదింటికి పడుకున్నదాన్ని పదకొండున్నరకి లేచి ఇది కొడుతున్నాను. 'వినడం లేదు' అని రాసుంటే నిద్రపట్టేదేమో. 'నటిస్తున్నాడు' దగ్గరే వచ్చింది తంటా.

నాలుగు నెలల కిందటే వాడి వినికిడి పరీక్షల రిపోర్టు జిరాక్సు ఆవిడకి ఇచ్చొచ్చాను. 'ఆడిటరీ ప్రాసెసింగ్ డిజార్డర్' అని ఉంది అందులో. చెవి బానే ఉంది మేడమ్, విన్నదాన్ని విడదీసుకోవడంలోనే మెదడు తడబడుతోంది, గోలలో మరీను, అని ఒకటికి రెండుసార్లు చెప్పాను. ముందు బెంచీ, ఒకసారికి ఒకే పని, హోంవర్కు బోర్డు మీద. అడిగింది ఇంతే. ముందు బెంచీ ఇచ్చారు, ఆటస్థలం వైపు కిటికీ పక్కన! ఖాళీ తరగతిలో చప్పుడు 35 డెసిబెల్స్ మించకూడదని అమెరికాలో 2002లోనే ప్రమాణం పెట్టుకున్నారు. మావాడి గదిలో పిల్లలు లేనప్పుడు ఫోన్ యాప్ పెట్టి చూశాను. ఒక్క ఫ్యాన్లకే 50 దాటింది. ఫోన్ లెక్క కాస్త అటూ ఇటూ అయినా, తేడా మరీ అంత చిన్నది కాదు.

మొదటి వినికిడి పరీక్ష రోజు గుర్తొస్తోంది. ఆడియోగ్రామ్‌లో 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా అన్ని చుక్కలూ 20 డెసిబెల్స్ లోపే. 'నార్మల్' అన్నారు. సంతోషించాలి కదా? దారి పొడుగునా వాణ్ని తిట్టాను. "చెవులు శుభ్రంగా ఉన్నాయిగా, ఇంకేం మాయరోగం నీకు!" మిగతా పరీక్షలకి ఏడేళ్ళు నిండాలన్నారు, అంతకన్నా చిన్నపిల్లల్లో ఫలితాలు నమ్మలేమట. నిండాక వెళ్ళాం. అద్దాల గదిలో వాడు, తల కన్నా పెద్ద హెడ్‌ఫోన్లు. కుడిచెవిలో 'రెండు', అదే క్షణంలో ఎడమచెవిలో 'తొమ్మిది'. వెంటనే 'ఐదు', 'ఆరు'. నాలుగూ తిరిగి చెప్పాలి. "రెండు... ఐదు..." అని ఆగిపోయి అద్దంలోంచి నా వంక చూశాడు. బయట స్పీకర్లో నాకూ వినపడుతోంది. తొమ్మిది అని పెదాలు కదిపేశాను, కాపీ అందించే దొంగలా. ఆడియాలజిస్టు ఏమీ అనలేదు, నా కుర్చీని గోడ వైపు తిప్పించింది. చిన్నపిల్లలకి కుడిచెవి కాస్త ముందుండటం మామూలేనట. వీడికి ఎడమచెవి మాటలు దాదాపుగా రానేలేదు. గోడకేసి కూర్చుని అదంతా విన్నాను.

దీన్ని వేరే జబ్బనాలా, ఏకాగ్రత సమస్యలోనో భాష సమస్యలోనో కలపాలా అని నిపుణుల్లోనే తగువుందని ఈయన చదివి చెప్పారు. తగువులు వాళ్ళు తీర్చుకోనీ. నాకు కావాల్సింది కిటికీ దగ్గర్నుంచి బెంచీ జరగడం.

ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. "గౌరవనీయులైన మేడమ్ గారికి, నటన అన్న మాట..." అక్కడే ఆగాను. సాయంత్రం ఏమైంది? నేను వంటింట్లో, కుళాయి ధారగా పోతోంది, మొహం గిన్నెల వైపు. "చెప్పులు లోపల పెట్టి, నీళ్ళసీసా తెచ్చిచ్చి, డైరీ తియ్యి" అని కేకేశాను. వాడు చెప్పులు పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. "వినపడి చావదా?" అన్నాను. ఆవిడ ఎర్ర సిరాతో రాసింది, నేను నోటితో అన్నాను. ఆవిడకి నలభైమంది పిల్లలు. నాకు ఒక్కడు.

అయినా నటన అనడం తప్పే. అది మాత్రం వదలను.

అన్నట్టు ఇవాళ డిక్టేషన్‌లో పదికి ఎనిమిది. 'పాట', 'బాట' రెండూ సరిగ్గా రాశాడు.

ఆవిడ మెడలో తగిలించుకోవాల్సిన మైకు పెట్టెలోంచి తీసినట్టే లేదని ఇంకో పేరా కూడా రాశాను. మైకులో మాట్లాడితే ఆ గొంతు దూరం, గోల దాటి నేరుగా వాడి చెవిలో రిసీవర్‌కి చేరుతుంది. అంత ఖరీదు పెట్టి కొన్నది అలా పడుంటే మండదూ? రుజువు కోసం ఇప్పుడే బ్యాగులోంచి పెట్టె తీసి మీట నొక్కాను. లైటు వెలగలేదు. ఆదివారం రాత్రి చార్జింగ్ పెట్టాల్సింది నేనే.

ఆ పేరా కొట్టేశాను. కిటికీ పేరా ఉంచాను. మైకు ప్లగ్గులో పెట్టాను, పొద్దున ఏడుకి తీయాలి.