జల్లెడ పట్టిన డోసు
ఇవాళ మొదటిసారి ఒక మహిళా క్యాన్సర్ రోగికి గ్రిడ్ థెరపీ (రేడియేషన్‌ను విడివిడి కిరణాలుగా ఇచ్చే చికిత్స) ప్లాన్ వేశాను. ఇన్నాళ్లూ నేర్చుకున్నది ఒకటే: కణితి అంతటా రేడియేషన్ డోసు సమానంగా పడాలి. ఇక్కడ కావాలనే జల్లెడలా పంచాలి. సుమారు సెంటీమీటరు వెడల్పు కిరణాల కింద 15 గ్రే (రేడియేషన్ డోసు కొలమానం), వాటి మధ్య పల్లాల్లో అందులో కొద్ది భాగమే. స్క్రీన్ మీద ఆ మిట్టపల్లాలు చూస్తే మొదట టెన్షన్ వచ్చింది.

నిజానికి ఇది పాత ఆలోచనే. జర్మన్ వైద్యుడు అల్బన్ కోలర్ 1909లోనే చర్మాన్ని కాపాడటానికి ఇనుప తీగల వల అడ్డుపెట్టాడు. తక్కువ డోసు పడిన చోటి కణాలే పక్కనున్న గాయాన్ని మాన్పుతాయి. ఇప్పుడు మామూలు డోసుకు లొంగని పెద్ద కణితులకు వాడుతున్నాం. దెబ్బతిన్న కణాల సంకేతాలు పల్లాల్లోని క్యాన్సర్ కణాలనూ దెబ్బతీయగలవన్న విషయం నన్ను బాగా కదిలించింది.

రేపు ఉదయమే ఆమెకు చికిత్స. లెక్కలు ఇంకోసారి సరిచూసి పడుకుంటాను.