వెండి ముల్లు

"అంత గట్టిగా నొక్కకండి, నొక్కినా నల్లబడదు" అంది టీచర్, నా భుజం మీదుగా చూస్తూ.

ఇవాళ లండన్‌లో సిల్వర్‌పాయింట్ క్లాసు, అంటే వెండి మొనతో బొమ్మలు గీయడం. హోల్డర్ పెన్సిల్‌లాగే ఉంది గానీ లోపల లెడ్ బదులు సన్నటి వెండి తీగ. మామూలు కాగితం మీద ఇది పనిచేయదు. ముందు తెల్లటి పూత వేసి ఆరబెట్టాలి. పాత రోజుల్లో ఎముకల బూడిదని జిగురులో కలిపి పూసేవారట. ఆ గరుకుకి వెండి రవ్వంత అరిగి అంటుకుంటుంది, అదే గీత.

ముదురు నీడ కావాలా? గీత పక్కన గీత, దాని మీద ఇంకో గీత. రబ్బరుకి లొంగదు. ఒక్క ఆపిల్ నీడకే మధ్యాహ్నమంతా అయిపోయింది, ఆఫీసు టెన్షన్ గుర్తే రాలేదు.

1484లో జర్మన్ చిత్రకారుడు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ అద్దంలో చూసుకుంటూ తన బొమ్మ ఇలాగే గీశాడు. అప్పటికి 13 ఏళ్లు! వియన్నాలోని ఆల్బర్టీనా మ్యూజియంలో ఉంది. ఆ వయసులో నేను నోట్‌బుక్ వెనక పేజీల్లో హీరోలకి మీసాలు దిద్దుతున్నా, అది వేరే సంగతి.

ఇప్పుడు బూడిదరంగులో ఉన్న గీతలు పోనుపోను గోధుమరంగుకి తిరుగుతాయి. వెండి పట్టీలు నల్లబడేది కూడా గాలిలోని గంధకం వల్లే. అంటే నా బొమ్మ ఇంకా పూర్తి కాలేదన్నమాట, మిగతాది గాలి చూసుకుంటుంది.

అమ్మకి ఫోన్‌లో చెప్పాను. "వెండి రేటు ఎంతుందో తెలుసా నీకు?" అంది.