బైబిలు పక్కన పద్దుల పుస్తకం

దశమభాగం, అంటే ఆదాయంలో పదో వంతు దేవునికి ఇవ్వాలా వద్దా అని అడిగేవాళ్ళు మన గుంటూరు, విజయవాడ క్రైస్తవ సంఘాల్లో తక్కువే. దేనిమీద లెక్కగట్టాలన్నదే అందరి చిక్కు. జీతం స్లిప్పులో పైన కనిపించే అంకె మీదా, చేతికొచ్చినదాని మీదా? పీఎఫ్ సంగతేంటి? ఆటో తోలే తమ్ముడికి, మిరప వేసిన రైతుకు నెల జీతమన్న మాటే లేదే, వాళ్ళెలా కట్టాలి? పదో వంతు అని ప్రసంగంలో ఒక్క ముక్కలో చెప్పేస్తారు. కాగితం మీద పెట్టాక గానీ అసలు ప్రశ్నలు బయటికి రావు.

నెల జీతగాళ్ళది తేలిక. చేతికొచ్చినదాని మీద కట్టండి. పీఎఫ్ చేతికొచ్చిన రోజున దాని లెక్క దానిది. అకౌంట్లో 28,000 పడితే 2,800 ఆ పూటే పక్కకు తీయాలి. ఫోన్‌పే కొట్టడం అలవాటయ్యాక డబ్బు ఎటు పోతోందో కంటికి ఆనడం లేదు కాబట్టి దీనికి విడిగా ఒక అకౌంటు తెరిచి, దానికి యూపీఐ తగిలించకుండా ఉంచండి. పాతకాలం కవరైనా ఫర్వాలేదు, పైన నెల పేరు రాసి బీరువాలో పెట్టండి. నెలాఖరుకు మిగిలినదాంట్లో ఇద్దామనుకున్న ఇంట్లో మిగలడమనేదే ఉండదు.

ఆటో తోలేవాళ్ళు చేసే పొరపాటు వసూలు మొత్తం మీద లెక్కగట్టడం. రోజుకు 1,400 వచ్చిందనుకోండి. గ్యాసుకు 450, బండి అద్దెకు 350 పోతే చేతిలో నిలిచేది 600. పదో వంతు 60. ఏ రోజుది ఆ రోజు రాత్రి డబ్బాలో వేసేయాలి. 1,400 మీద 140 ఇస్తానని మొక్కుకుంటే రెండు వారాలు సాగుతుంది, మూడో వారం బ్రేకులు పోతాయి, మొత్తానికే ఆగిపోతుంది.

మిరప రైతుకు మిర్చి యార్డులో కమిషన్ దుకాణం రాసిచ్చే పట్టీయే ఆధారం. టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎన్ని, తూకం ఎంత, కమిషన్ ఎంత, హమాలీ ఎంత, ముందు తీసుకున్న అడ్వాన్సు, దానిమీద వడ్డీ ఎంత, అన్నీ అందులో ఉంటాయి. అన్నీ పోగా వచ్చినదాంట్లోంచి కౌలు, పురుగుమందుల కొట్టు బాకీ, కోత కూలీ తీసేశాక నిలిచిందే ఆదాయం. నల్లతామర పురుగు పట్టి పంట పోయిన ఏడు ఆ లెక్క సున్నాకు దిగువనే ఉండొచ్చు. అప్పుడు ఇవ్వాల్సిందేమీ లేదు, సిగ్గుపడాల్సిందీ లేదు. కోత పండుగకు గుడికి తీసుకెళ్ళే గుమ్మడికాయ, కోడిపుంజు, బియ్యం బస్తా వేరే లెక్క, అవి కృతజ్ఞత కానుకలు. ఆ పండుగ వేలంపాటలో పంతానికి పోయి వంద రూపాయల కోడిపిల్లను ఐదు వేలకు పాడి, ఆ ఐదు వేలకు ఇంట్లో గొడవ పడేవాళ్ళున్నారు. పాట మొదలవకముందే ఎంతవరకూ వెళ్ళాలో భార్యాభర్తలు అనుకుని వెళ్ళడం మంచిది.

పక్కకు తీసినదంతా గుడి పెట్టెలోనే వేయాలా? ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయం చివర చూడండి. మూడో ఏటి పదోవంతు ఊళ్ళోనే ఉంచి లేవీయులకు (గుడి సేవ చేసే గోత్రంవాళ్ళకు), పరదేశులకు, తండ్రిలేనివారికి, విధవరాండ్రకు తృప్తిగా పెట్టమని ఉంది. పైన చెప్పిన 2,800లో 1,800 సంఘానికి, వెయ్యి అలాంటి అవసరాలకు అని విడదీసుకోవచ్చు. ఆ వెయ్యి ఎవరికిచ్చారో పుస్తకంలో రాయండి, సాక్ష్యం కూటంలో చెప్పకండి.

అప్పు చేసి మందిరం కట్టడానికి కానుకలివ్వడం మాత్రం నాకు మింగుడుపడదు. మూడు రూపాయల వడ్డీకి 50,000 తెస్తే నెలకు 1,500, ఏడాదికి 18,000. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 8:12లో పౌలు చెప్పేది కూడా కలిగినదాన్ని బట్టే ఇమ్మని, లేనిదాన్ని బట్టి కాదని. ఆ మూడు రూపాయల వడ్డీకి ఇచ్చే అక్క కూడా అదే సంఘంలో ముందు వరుసలో కూర్చునే మనిషైతే, బీదవాడి దగ్గర వడ్డీ తీసుకోవద్దన్న నిర్గమకాండం 22:25 ఆమెకు ఎవరు చదివి వినిపించాలి? పాస్టరు అయ్యగారే వినిపించాలి. కానీ మందిరం స్లాబుకు పెద్ద కానుక ఆమెదే.

ఇక కూలి. కూలివాడి డబ్బు తెల్లవారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దని లేవీయకాండం 19:13, పొద్దు కుంకకముందే ఇవ్వమని ద్వితీయోపదేశకాండం 24:15. గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళకు కిలో లెక్కన ఇస్తారు కాబట్టి ఈ రెండు వచనాలూ సాయంత్రం కాటా దగ్గరే తేలతాయి. "చిల్లర లేదమ్మా, రేపు కలిపి ఇస్తాలే" అన్న మాట చాలాసార్లు అబద్ధం కాదు, నిజంగానే చిల్లర ఉండదు. అందుకే మధ్యాహ్నం భోజనానికి వెళ్ళేటప్పుడే పదులు, యాభైలు తెచ్చి పెట్టుకోవాలి. రేపు రాలేని మనిషికి ఆ 40 రూపాయలు ఇక రావు.

కాటా సంగతి కొంచెం నిదానంగా చూద్దాం. ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికోసారి తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించాలి. ఆ ముద్ర ఉన్నంత మాత్రాన ఇవాళ్టి తూకం సరిగ్గా ఉన్నట్టు కాదు. మూలనున్న నీటి బుడగ వలయం మధ్యలో లేకపోతే కింద కాళ్ళు తిప్పి సరిచేయండి. ఖాళీ పళ్ళెం పెట్టినప్పుడు సున్నా చూపాలి. తర్వాత తూకపురాయి ఒకటి తీసుకుని పళ్ళెం మధ్యలో, ఆపైన నాలుగు మూలల్లో పెట్టి చూడండి. మధ్యలో సరిగ్గా చూపి మూలలో తేడా చూపిస్తే లోపల బరువును పసిగట్టే లోడ్‌సెల్ దెబ్బతినో పళ్ళెం కింద మిరప దుమ్ము చేరో ఉంటుంది. దుమ్ము దులిపి మళ్ళీ పెట్టండి, అయినా తేడా వస్తే మెకానిక్‌ను పిలవాల్సిందే. గోనెసంచి బరువు మాత్రం అంచనాగా కొట్టేయకండి. తడిసిన సంచి బరువు, పొడి సంచి బరువు ఒకటి కాదు. ఉదయం ఒక ఖాళీ సంచిని అందరి ముందూ తూచి, ఆ అంకె గోడమీద సుద్దతో రాస్తే సాయంత్రం మాట రాదు.

ఇంట్లో పనిచేసే ఆమె జీతానికీ ఇదే నియమం, ఒకటో తారీఖున ఇచ్చేయాలి. క్రిస్మస్‌కు చీర పెట్టి, డిసెంబరులో నాలుగు రోజులు రాలేదని కోత కోస్తే ఆ చీర ఆమె డబ్బుతో కొన్నట్టే.

కుటుంబ ప్రార్థనకు పావుగంట చాలు. అన్నాలకు ముందు పెట్టుకోండి, తిన్నాక పిల్లలు నిద్రకు తూగుతారు. మార్కు సువార్తతో మొదలుపెట్టి రోజుకు 15 వచనాలు చదివితే నెలన్నరలో అయిపోతుంది. మన పాత బైబిలు గ్రాంథికానికి ఇంగ్లీషు మీడియం పిల్లల నోరు తిరగదు, అందుకని వాళ్ళు ఐదు వచనాలు చదివితే చాలు, మిగతావి పెద్దవాళ్ళు చదవండి. పాట పల్లవి, ఒక చరణం. ప్రార్థన రోజుకొకరు, రెండు నిమిషాలు. ఒకరోజు తప్పితే మర్నాడు 30 వచనాలు చదివించకండి. చాలా ఇళ్ళలో ఈ అలవాటు చెడేది ప్రార్థన తిట్లలోకి దిగినప్పుడు. "ప్రభువా, లెక్కల్లో 35 తెచ్చుకున్న ఈ బిడ్డకు బుద్ధి దయచేయుము" అని వాడి ఎదురుగానే కళ్ళు మూసుకుని అంటే, మర్నాటి నుంచి వాడు ఆ వేళకు స్నానాల గదిలో ఉంటాడు.

ఇంట్లో కూటం పెట్టుకుంటే మైకు అక్కర్లేదు. పాతికమందికి గొంతు సరిపోతుంది. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకరు ఎలాగూ నిషేధం. పక్కింటివాళ్ళ గేటుకు అడ్డంగా బళ్ళు పెట్టకుండా వీధి చివర ఒకరిని నిలబెట్టండి. విజయవాడ పటమటలోనైనా గుంటూరు బ్రాడీపేటలోనైనా ఇరుగుపొరుగుకు మనమీద ఉన్న కోపంలో సగం ఈ బళ్ళ వల్లే.

శుక్రవారం ఉపవాసాలకు ఏప్రిల్, మే నెలల్లో జాగ్రత్త కావాలి. 42, 43 డిగ్రీల ఎండలో మంచినీళ్ళు కూడా మానేయమని బైబిలు ఎవరినీ బలవంతపెట్టలేదు. షుగరుకు ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవాళ్ళు డాక్టరును అడక్కుండా పూట మానొద్దు. చెమటలు పట్టి చేతులు వణికితే, మీటరు 70 కంటే తక్కువ చూపిస్తే, వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలుపుకుని తాగాలి. కూటం ముగిసేదాకా ఆగకూడదు. బీపీ మాత్ర ఉపవాసమని ఆపకూడదు.

ఉపవాసం ఉన్నరోజు మిగిలిన పూట భోజనం ఎవరికి వెళ్ళాలో యెషయా 58వ అధ్యాయంలో ఉంది, ఆకలిగొన్నవాడికి. గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్) బయట రోగుల వెంట వచ్చినవాళ్ళు పల్నాడు, ప్రకాశం నుంచి వచ్చి రోజుల తరబడి ఉంటారు. అక్కడికి ఆదివారం నాలుగు సంఘాలు పులిహోర పట్టుకొస్తాయి, బుధవారం ఒక్కరూ రారు. కాబట్టి వారం మధ్యలో వెళ్ళండి. ఎండాకాలం పెరుగన్నం మధ్యాహ్నానికే పులిసిపోతుంది. తోడుపెట్టిన పెరుగు కాకుండా పాలు ఎక్కువ పోసి కొంచెం పెరుగు కలిపి, చల్లారాక పొట్లాలు కట్టి, రెండు గంటల్లోపు పంచేయాలి. అన్నం కంటే ఎక్కువగా వాళ్ళకు కావాల్సినవి సబ్బు, బకెట్టు, దోమల చుట్ట, ఫోన్ ఛార్జరు. మందుల చీటీ చదివి ఏ కౌంటరుకు వెళ్ళాలో చెప్పే మనిషి దొరికితే ఇంకా మేలు. ఇదే ఊరికి అమెరికా మిషనరీ డాక్టరు అన్నా సారా కుగ్లర్ 1883లో వచ్చారు, ఆమె ఆసుపత్రి తెరుచుకున్నది 1898లో. మధ్యలో ఏళ్ళ తరబడి ఆమె చిన్న డిస్పెన్సరీల్లోనూ ఇళ్ళకు వెళ్ళీ వైద్యం చేశారు.

పొట్లం మీద సంఘం పేరు, పాస్టరుగారి ఫొటో అంటించకండి. పొట్లం అందుకుంటున్న మనిషిని ఫొటో తీయకండి. ఖర్చు మాత్రం ఆ రాత్రే పద్దులో రాయండి, బియ్యం ఎన్ని కిలోలు, పాలు ఎన్ని లీటర్లు, పొట్లాలు ఎన్ని అయ్యాయో. వచ్చే బుధవారం వెళ్ళేవాళ్ళకు ఆ లెక్క పనికొస్తుంది.