మూడొందల యాభై బారల లోతున కనిపించిన చేప

న్యూజెర్సీ ఎడిసన్‌లో రైలెక్కి, మన్‌హాటన్‌లో మారి, కోనీ ఐలాండ్ దగ్గర దిగేసరికి అమ్మ అలసిపోయింది. "ఇనుప గుండు చూడ్డానికి ఇంత దూరమా బాబూ?" అంది. ఉప్పాడ నుంచి వచ్చి రెండు వారాలే అయింది తను. నేను చిన్నప్పటి నుంచి చూడాలనుకున్న గుండు అది.

న్యూయార్క్ అక్వేరియంలో మిగతావన్నీ గబగబా చూసేశాం. మనుషుల్ని సముద్రం లోతుల్లోకి దింపిన ఆ గుండు, బాతిస్ఫియర్, దగ్గర మాత్రం నా కాళ్లు కదల్లేదు. అడ్డం కొలత నాలుగడుగుల తొమ్మిదంగుళాలు, అంతే. జీవశాస్త్రవేత్త విలియం బీబీ, దీన్ని తయారు చేయించిన ఓటిస్ బార్టన్ పద్నాలుగంగుళాల రంధ్రంలోంచి దూరి, కాళ్లు ముడుచుకుని ఇందులో కూర్చునేవారు. ఉక్కు తాడుకు వేలాడదీసి, బెర్ముడా దగ్గర సముద్రంలోకి దింపేవారు. 1934లో 3,028 అడుగుల దాకా వెళ్లారు. తాడు తెగితే ఇక పైకి రావడం లేదు.

కిటికీ దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డాను. మూడంగుళాల మందం క్వార్ట్జ్ అద్దం. 1932లో 2,100 అడుగుల లోతున బీబీ ఇలాంటి అద్దంలోంచే రెండు చేపలు చూశానన్నాడు. ఒక్కోటీ కనీసం ఆరడుగుల పొడవు. ఒంటి పక్కన వరసగా లేత నీలం దీపాలు. కింద వేలాడే రెండు పొడవాటి మీసాలు, ఒక్కోదాని కొసన రెండేసి వెలుగులు, పైది ఎర్రటిది, కిందది నీలం. 'బాతిస్ఫేరా ఇంటాక్టా' అని పేరు పెట్టాడు. ఎవరూ తాకనిది అని అర్థం. ఆయన చెప్పగా ఎల్స బోస్టెల్మన్ అనే చిత్రకారిణి బొమ్మ గీసింది. ఆ తర్వాత ఆ చేప ఏ వలకీ పడలేదు, ఏ కెమెరాకీ చిక్కలేదు.

బీబీ చెప్పిన మరో చేప, ఒంటిమీద ఐదు వెలుగు గీతలున్నది. అది వెలిగే జెల్లీఫిష్ లాంటిదై ఉంటుందనీ, ఆత్రంగా మొహం ఆనించిన ఆయన ఊపిరి ఆవిరి అద్దం మీద పట్టి అలా కనిపించి ఉంటుందనీ కార్ల్ హబ్స్ అనే చేపల శాస్త్రవేత్త రాశాడు. ఆ మాట చదివినప్పుడల్లా నాకు బాధేస్తుంది. చేప చేతికి రాకుండా శాస్త్రీయ నామం పెట్టడం తప్పే, ఒప్పుకుంటాను. కానీ ఏళ్ల తరబడి అదే సముద్రంలో వలలేసి లోతు చేపల్ని పరీక్షించిన మనిషి ఆయన. ఏదో చూశాడనే నా నమ్మకం.

ఇదంతా చెబితే అమ్మ అడిగింది, "ఎన్ని బారల లోతు?"

బారకి ఆరడుగుల చొప్పున లెక్కేసి చెప్పాను, మూడొందల యాభై.

అమ్మ అద్దానికేసి తిరిగింది. "మా అయ్య వేట నుంచొచ్చి చెప్పినవాటికి సాక్ష్యం ఎవరున్నారు? అమ్మకానికి రాని చేపల గురించే ఎక్కువ చెప్పేవాడు" అంది. మళ్లీ కాసేపాగి, "ఆ మీసాల సంగతి ఇంకోసారి చెప్పు" అంది.