గేటు దగ్గర లెక్క, ఖాతాలో లెక్క

మన కాలేజీ జట్టుకు ఆడి బయటికొచ్చిన పిల్లలు ఈ మధ్య తరచూ ఒకటే అడుగుతున్నారు. ఆటగాడిగా బతకడం కుదరదని తేలిపోయాక, ఫుట్‌బాల్ చుట్టూ నడిచే వ్యాపారంలో ఉద్యోగం కావాలంటే ఏం చదవాలి అని. ఇంగ్లండ్‌లో ఆ చదువు చదివి అదే పనిలో ఉన్న పూర్వ విద్యార్థిగా నాకు తెలిసినంతవరకు ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఎక్కడెక్కడ ఉందో చెబుతాను. లివర్‌పూల్ విశ్వవిద్యాలయం 1997లోనే ఫుట్‌బాల్ పరిశ్రమ మీద విడిగా ఎంబీఏ పెట్టింది. 2000లో ఫిఫా మాస్టర్ అనే కోర్సు వచ్చింది. అందులో చేరినవాళ్లు ఏడాదిలో మూడు ఊళ్లు మారతారు: లెస్టర్‌లో క్రీడల చరిత్ర, మిలాన్‌లో మేనేజ్‌మెంట్, స్విట్జర్లాండ్‌లోని నూషటెల్‌లో క్రీడా చట్టం. తరగతికి దాదాపు ముప్పై మందే. 2011లో బర్న్‌లీ క్లబ్ మైదానం టర్ఫ్ మూర్‌లో యూసీఎఫ్‌బీ అనే ఫుట్‌బాల్ వ్యాపార విద్యాసంస్థ మొదలైంది, తర్వాత వెంబ్లీకీ మాంచెస్టర్‌కీ విస్తరించింది. ఇలాంటి చోట్ల పాఠం చెప్పే సంస్థ ఒకటైతే, పట్టా ఇచ్చే విశ్వవిద్యాలయం మరొకటి కావచ్చు. సర్టిఫికెట్ మీద ఎవరి పేరు ఉంటుందో ఫీజు కట్టకముందే మెయిల్‌లో అడిగి తెలుసుకోండి. మన దేశంలోనే చదవాలనుకునేవాళ్లకు పుణె సింబయాసిస్, ఐఐఎం రోహ్‌తక్ ఉన్నాయి.

ఈ కోర్సుల్లో ఆట నేర్పరు. ఆట మీద ప్రేమ అందరికీ ఉంటుంది, దానికి మార్కులు పడవు. ఉద్యోగంలో రోజూ పనికొచ్చేవి లెక్కలు, నిబంధనలు. అన్నిటికంటే ముందు గేటు దగ్గరి లెక్క.

బ్రిటన్‌లో 1971లో గ్లాస్గో ఐబ్రాక్స్ మైదానంలో మెట్ల మీద తొక్కిసలాటలో 66 మంది పోయారు. ఆ తర్వాత 1973లో క్రీడా మైదానాల భద్రతకు ఒక మార్గదర్శక పుస్తకం వెలువడింది. అందరూ దాన్ని గ్రీన్ గైడ్ అంటారు. 1989లో హిల్స్‌బరో మైదానంలో జనం నలిగి 97 మంది బలయ్యాక దాన్ని ఇంకా కట్టుదిట్టం చేశారు. అందులో చెప్పేది ఇదీ: స్టాండులో ఎన్ని కుర్చీలున్నాయన్నది ఒక్కటే చూడకూడదు. ఎంతమంది కూర్చోగలరు, గంటలో ఎంతమంది లోపలికి రాగలరు, ఆట అయ్యాక ఎనిమిది నిమిషాల్లో ఎంతమంది బయటపడగలరు, ప్రమాదమొస్తే ఎంతమంది తప్పించుకోగలరు అని నాలుగు లెక్కలు వేయాలి. వాటిలో ఏది తక్కువైతే అదే ఆ స్టాండు సామర్థ్యం.

ఒక ఉదాహరణ చూద్దాం. 8,000 కుర్చీల స్టాండు, ఒక్కొక్కరే తిప్పుకుంటూ వెళ్లే టర్న్‌స్టైల్ గేట్లు పది. ఒక గేటుకు గంటకు 660 మందికి మించి లెక్కలోకి తీసుకోకూడదు. అంటే 6,600. బయటికి వెళ్లే మెట్లు పది, ఒక్కోటి 1.2 మీటర్ల వెడల్పు. మెట్ల మీద మీటరు వెడల్పుకు నిమిషానికి 66 మంది, చదును నేల మీదైతే 82. ఒక మెట్ల దారిలో నిమిషానికి 79 మంది, ఎనిమిది నిమిషాలకు 633. పది దారులకు కలిపి 6,330. ఇక కుర్చీలు, రెయిలింగులు ఏ స్థితిలో ఉన్నాయి, సిబ్బందికి శిక్షణ ఎలా ఉంది అని చూసి సున్నా నుంచి ఒకటి మధ్య రెండు గుణకాలు ఇస్తారు. రెంటిలో తక్కువది 0.8 అనుకుంటే 8,000 కాస్తా 6,400 అవుతుంది. ప్రమాదమొస్తే తప్పించుకునే లెక్క ఇంతకంటే తక్కువ రాలేదనుకుందాం. అన్నిటికంటే తక్కువ 6,330 కాబట్టి అమ్మాల్సిన టికెట్లు అంతే. కొత్తగా చేరినవాళ్లు సాధారణంగా పొరపడేది ఇక్కడే. పదిలో రెండు గేట్లు పాడైతే ప్రవేశం 5,280కి పడిపోతుంది, కానీ టికెట్లు అప్పటికే అమ్ముడైపోయి ఉంటాయి. అందుకే మ్యాచ్ రోజు సిబ్బంది జనం రాకముందే ప్రతి గేటునూ తిప్పి చూస్తారు.

మన కాలేజీ గ్రౌండ్ తూర్పు గేటు గుర్తున్నవాళ్లకు ఇది వెంటనే బోధపడుతుంది. ఇంటర్ కాలేజ్ ఫైనల్ రోజున కూడా రెండు రెక్కల్లో ఒకటే తెరిచేవారు. టికెట్ లేకుండా ఎవరూ దూరకూడదని. లోపలికి రావడానికి అడ్డంకి పెడుతున్నామనుకుని, బయటికి వెళ్లే దారిని సగం చేసుకున్నాం. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్ జింఖానా మైదానంలో ఉప్పల్ క్రికెట్ మ్యాచ్ టికెట్ల కోసం వచ్చినవాళ్లు తొక్కిసలాటలో గాయపడ్డారు. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం గేట్ల బయట 11 మంది ప్రాణాలు పోయాయి. రెండు చోట్లా జనం నలిగింది మ్యాచ్ స్టేడియం లోపల కాదు, బయట. ఈ పని తెలిసినవాళ్లు మన దగ్గర ఇంకా ఎంతోమంది కావాలి. ప్రేక్షకుల భద్రత మీద పేపరు లేని కోర్సుకు డబ్బు పెట్టొద్దని నా గట్టి సలహా.

రెండోది ఖాతా. క్లబ్ ఒక ఆటగాణ్ని 50 మిలియన్ పౌండ్లకు కొని ఐదేళ్ల కాంట్రాక్టు ఇస్తే, ఖర్చును ఏడాదికి 10 చొప్పున రాస్తారు. మూడేళ్లయ్యాక పుస్తకంలో మిగిలిన విలువ 20. అప్పుడు 30కి అమ్మినా ఖాతాలో 10 మిలియన్ల లాభమే చూపిస్తారు. వార్తాపత్రికలు 20 మిలియన్ల నష్టమని రాస్తాయి, రెండూ వేర్వేరు లెక్కలు. అకాడమీలో పెరిగిన కుర్రాడికి పుస్తకంలో కొన్న ధర ఉండదు కాబట్టి అతణ్ని అమ్మితే వచ్చిందంతా లాభమే. సొంత పిల్లల్ని క్లబ్బులు ఎందుకు అమ్ముకుంటాయో దీంతో అర్థమవుతుంది.

తేదీ ఎంత ముఖ్యమో నాటింగ్‌హమ్ ఫారెస్ట్ క్లబ్ ఉదంతం చెబుతుంది. అప్పటి ప్రీమియర్ లీగ్ నిబంధన ప్రకారం మూడేళ్లలో 105 మిలియన్ పౌండ్ల వరకు, అంటే ఏడాదికి 35 చొప్పున, నష్టం రావచ్చు. కింది డివిజన్‌లో గడిపిన ఏడాదికైతే 13. ఫారెస్ట్ ఆ మూడేళ్లలో రెండేళ్లు కింది డివిజన్‌లో ఉంది కాబట్టి 35కు రెండు 13లు కలిపి పరిమితి 61 మిలియన్లే. దాన్ని 34.5 మిలియన్లు దాటేసింది. తమ ఆటగాడు బ్రెన్నన్ జాన్సన్‌ను జూన్ 30లోగా అమ్మి ఉంటే ఆ డబ్బు అదే ఏడాది ఖాతాలో పడేది. మంచి ధర కోసం ఆగి సెప్టెంబరులో అమ్మారు. 2024 మార్చిలో నాలుగు పాయింట్లు కోత పడింది.

మూడోది రిజిస్ట్రేషన్. మనవాళ్లకు నేరుగా డబ్బు తెచ్చిపెట్టే విషయం ఇదే. ఆటగాడు ఒక దేశం క్లబ్ నుంచి మరో దేశం క్లబ్‌కు డబ్బుకు మారితే, ఆ సొమ్ములో 5 శాతం అతను 12 నుంచి 23 ఏళ్ల దాకా ఆడిన క్లబ్బులకు పంచాలన్నది ఫిఫా నియమం. 12 నుంచి 15 వరకు ఏడాదికి 0.25 శాతం, 16 నుంచి 23 వరకు 0.5 శాతం. ఒక అకాడమీ కుర్రాణ్ని 12 నుంచి 17 దాకా పెంచితే దాని వాటా 2 శాతం. బదిలీ సొమ్ము 10 కోట్లయితే 20 లక్షలు. చిన్న అకాడమీకి ఆ 20 లక్షలతో చాలా పనులవుతాయి. అయితే క్లబ్‌కు సమాఖ్య గుర్తింపు ఉండాలి. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఐఎఫ్ఎఫ్) ఆన్‌లైన్ వ్యవస్థలో పిల్లవాడి పేరు ఏ తేదీన ఎక్కింది, ఏ తేదీన మారింది అన్నది నమోదై ఉండాలి. హాజరు పుస్తకం, గ్రూప్ ఫొటో చెల్లవు. మధ్యలో ఏడాది నమోదు చేయకపోతే ఆ ఏడాది వాటా పోయినట్టే. 1951, 1962 ఆసియా క్రీడల్లో మన దేశానికి బంగారు పతకాలు తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదీ. ఆ ఊళ్లో ఆట నేర్పేవాళ్లకు కొదవ లేదు, ఈ కాగితం పని చేసేవాళ్లే దొరకరు.

స్పాన్సర్‌షిప్, సోషల్ మీడియా పేపర్ల కోసం సముద్రాలు దాటనక్కర్లేదు. ఆటగాళ్ల ఏజెంట్ కావాలనుకునేవాళ్లకు డిగ్రీ చాలదు, ఫిఫా పరీక్ష రాయాలి. 2023 ఏప్రిల్‌లో జరిగిన మొదటిదాంట్లో గంటలో 20 ప్రశ్నలు, 75 శాతం వస్తేనే పాస్. రాసినవాళ్లలో సుమారు సగం మందే గట్టెక్కారు.

బ్రిటన్ వీసా గురించి విదేశీ చదువుల ఏజెన్సీలు చెప్పని సంగతి ఒకటుంది. స్టూడెంట్ వీసా మీద ప్రొఫెషనల్ ఆటగాడిగా గానీ, కోచ్‌గా గానీ పనిచేయకూడదు, జీతం తీసుకోకపోయినా సరే. సొంతంగా స్కౌటింగ్ రిపోర్టులు (ఆటగాళ్లను గమనించి రాసే నివేదికలు) అమ్ముకోవడమూ కుదరదు, స్వయం ఉపాధి నిషిద్ధం. సెమిస్టర్ నడుస్తున్నప్పుడు వారానికి 20 గంటలు ఉద్యోగిగా పనిచేయొచ్చు. ఆ గంటల్లో మ్యాచ్ రోజు ప్రేక్షకుల్ని చూసుకునే స్టీవార్డ్‌గా చేరి, ప్రేక్షకుల భద్రతలో లెవెల్ 2 అర్హత సంపాదిస్తే చదువుకూ పనికొస్తుంది, అనుభవమూ అవుతుంది. చదువయ్యాక ఉండనిచ్చే రెండేళ్ల గడువు 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు 18 నెలలకు తగ్గుతోంది. కాబట్టి ఉద్యోగ వేట చివరి సెమిస్టర్‌కు ముందే మొదలుపెట్టాలి.

చేరేలోపు ఇంట్లో కూర్చునే చేయగలిగిన పని ఒకటుంది. ఇంగ్లండ్ క్లబ్బుల వార్షిక ఖాతాలు బ్రిటన్ ప్రభుత్వ కంపెనీల రిజిస్టర్ అయిన కంపెనీస్ హౌస్ సైట్లో ఉచితంగా దొరుకుతాయి. ఒక క్లబ్‌ను ఎంచుకుని మూడేళ్ల ఖాతాలు దింపుకోండి. జీతాలు, ఆటగాళ్ల కొనుగోలు ఖర్చు ఏడాదికి ఎంత రాశారు, అమ్మకాల మీద లాభం ఎంత, మొత్తం ఆదాయం ఎంత అని ఎక్సెల్‌లో నాలుగు వరుసలు వేయండి. సంఖ్యలన్నీ ఉండేది వెనక పేజీల్లోని వివరణల్లో, ముందున్న చైర్మన్ సందేశంలో కాదు. ఎక్కడైనా అర్థం కాకపోతే పూర్వ విద్యార్థుల సంఘం ద్వారా నాకు పంపండి, కూర్చుని చూద్దాం.