బొట్టు లేని నుదురు చూసి

గురువారం, రాత్రి.

2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లు డబ్బు కట్టక్కర్లేదని అయింది కదా, ఆ తర్వాత చిత్తూరు బస్టాండులో తిరుపతి బస్సెక్కడం అంటే మోచేతుల పని. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు కొట్టి ఇస్తాడు, కానీ సీటు మాత్రం మనమే సంపాదించుకోవాలి. ఇవాళ నాకు కిటికీ పక్కన దొరికింది. ఒళ్లో సంచి. అందులో రుయా ఆసుపత్రిలో ఉన్న చిన్నమ్మకు జావ ఫ్లాస్కు, ఉతికిన దుప్పటి, అడుగున కరపత్రాల కట్ట. నెల మొదట్లో మా చర్చి పాస్టరు అయ్యగారు అందరికీ పంచిన కట్టే అది. ఒక పక్క బైబిల్లో యోహాను మూడు పదహారు వచనం, వెనక మా సంఘం, అంటే మా చర్చి, అడ్రసు, ఆదివారం ఆరాధన టైము. ఎవరెవరు ఎన్ని ఇచ్చారో నెలాఖరుకు లెక్క చెప్పాలి. ఈ లెక్క నాకు మొదటినుంచీ నచ్చదు. పదిమంది చేతుల్లో పెట్టి పదీ బస్టాండు నేలమీద పడినా లెక్కలో పదే.

పక్కన ఒక అవ్వ కూర్చుంది. గంగాధర నెల్లూరు దగ్గర పల్లెట. ఆమె సంచి నిండా పసుపు, కుంకుమ పొట్లాలు, కర్పూరం. కాసేపు నా మొహం చూసింది, మెడ చూసింది, మళ్లీ మొహం చూసింది.

"తాళి ఉండాది, బొట్టు లేదు. యేసయ్య వాళ్లా మా?"

"అవునవ్వా."

మా వైపు ఆడదాని నుదురు ఖాళీగా కనిపిస్తే మూడు అనుమానాలు వస్తాయి. మొగుడు పోయినాడేమో, సాయిబుల ఆమేమో, లేకపోతే కిరస్తానీ ఆమేమో. మెడలో తాళి చూసి మొదటిది కొట్టేస్తారు. మిగతా రెండింట్లో ఏదో తేలేదాకా మనసాగదు, అడిగేస్తారు. బస్సులో, రేషన్ షాపులో, పెండ్లి పందిట్లో నా విశ్వాసం సంగతి ఎత్తింది ఎక్కువసార్లు నేను కాదు, ఎదుటివాళ్లే. సాక్ష్యం, అంటే ఎదుటివాళ్లకు యేసు సంగతి చెప్పడం, ఎలా మొదలుపెట్టాలి అని సంఘంలో క్లాసులు పెడతారు. మగవాళ్లకు అవసరమేమో. వాళ్ల నుదురు చూసి ఎవరూ ఏమీ అడగరు.

అవ్వకు ఒక మనవడు. కామెర్లు వచ్చి చేతికందకుండా పోతాడనుకుంటే బతికాడట. అందుకు మొక్కు. అలిపిరి దగ్గర మొదలుపెట్టి మెట్టుమెట్టుకూ పసుపు కుంకుమ పెట్టి, పైన తలనీలాలు ఇచ్చి రావాలి. 3,550 మెట్లు. ఆ మోకాళ్లతో ఎట్లెక్కుతావవ్వా అంటే, "ఎక్కించేది ఆయన కదా, నాదేముండాది" అంది. తర్వాత నా వైపు తిరిగింది.

"మీ దేవునికి ఏం మొక్కుతారు మా?"

"మొక్కేం లేదవ్వా. మా కోసరం ఆయనే ప్రాణం ఇచ్చినాడు. మేము తిరిగి కట్టేదేం లేదు."

"ఏమీ అడగడా?"

"మనసు అడుగుతాడు."

అవ్వ ఫక్కున నవ్వింది. "తలవెంటికలైతే మళ్లా మొలుస్తాయి. మనసిచ్చేస్తే మళ్లా మనకేముంటాది? మీదే కష్టం మా!"

మా అయ్యగారు గంట వాక్యం చెప్పినా ఇంత సూటిగా రాదు. నేనూ నవ్వాను. "కష్టమే అవ్వా, దినామూ ఇవ్వాల" అన్నాను. అంతకు మించి నేను చెప్పింది లేదు. ఆమె అడిగింది, నేను బదులు చెప్పాను. ఇంకా అడిగింది: చనిపోతే కాలుస్తారా, పూడుస్తారా, పండగకు కోడి కోస్తారా, మీ గుడిలో ఆడోళ్లు ముందు కూర్చుంటారా వెనకా. ప్రసంగాల్లో ఎవరూ చెప్పని ఈ సంగతులే జనానికి నిజంగా కావాలి. క్రిస్మస్‌కు మా ఇంట్లో బిర్యానీ అని చెబితే ఆమెకు మహా తృప్తి.

బైబిల్లో అపొస్తలుల కార్యాల్లో, సువార్త చెబుతూ తిరిగిన ఫిలిప్పు సంగతి గుర్తొచ్చింది. ఐతియొపీయ రాణి దగ్గర ఖజానా చూసే ఆయన యెరూషలేములో దేవుణ్ణి మొక్కుకుని గాజా దారిన రథంలో తిరిగి పోతుంటాడు, యెషయా ప్రవక్త గ్రంథం చదువుకుంటూ. ఫిలిప్పు పక్కన పరుగెత్తిపోయి, చదివేది అర్థమవుతోందా అని ఒక్క ప్రశ్న అడుగుతాడు. ఎవరైనా చెప్పకపోతే ఎట్లా తెలుస్తుంది అని, రథమెక్కి కూర్చోమని బతిమాలింది ఆ పెద్దమనిషే. మావాళ్లు ఫిలిప్పు పరుగు గురించి చాలా చెబుతారు. రథంలోకి పిలిచింది ఎవరన్నది తొందరగా దాటేస్తారు.

చంద్రగిరి కోట కనిపించే వేళకు అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "మీ దేవునికి గూడా పిల్లోని గురించి ఒక మాట చెప్పు మా. ఇద్దరికీ చెబితే యాడో ఒకచోట పడతాది." ఇట్లాంటి మాట వింటే మా సంఘంలో కొందరు మొహం చిట్లిస్తారు. నాకు చిట్లించాలనిపించలేదు. మనవడి కోసం ఏ గుమ్మమైనా ఎక్కే మనిషి ఆమె. బస్సు కుదుపుల్లోనే, కళ్లు మూసుకోకుండా, బిడ్డ ఆరోగ్యం కోసం రెండు ముక్కలు ప్రార్థన చేశాను. ఆమె ఆమెన్ అనలేదు, "సరే" అంది.

తిరుపతి బస్టాండులో ఆమెను అలిపిరి బస్సెక్కించి పసుపు పొట్లాల సంచి చేతికందించాను. కరపత్రం ఇవ్వలేదు. ఆమెకు చదువు రాదన్నది ఒక కారణం. మొక్కు తీర్చుకోను పోయే మనిషి సంచిలో అది పెట్టకూడదనిపించడం అసలు కారణం. తిరుమల కొండమీద అన్యమత ప్రచారం చేయకూడదని 2007లో ప్రభుత్వం జీవో ఇచ్చింది. మాలో కొందరికి దానిమీద ఇంకా గొణుగుడే. నాకు మాత్రం అందులో అన్యాయమేమీ కనిపించదు. కింద తిరుపతి ఊళ్లో చర్చిలు ఉన్నాయి, లూథరన్ సంఘం వాళ్ల వేళ్లు జర్మనీ హెర్మన్స్‌బర్గ్ మిషన్ కాలం నాటివి. ఎవరూ మా ఆరాధన ఆపలేదు. ఎవరో మా చర్చి గుమ్మంలో నిలబడి వేరే దేవుడి పుస్తకాలు పంచితే మేము ఊరుకుంటామా?

మా జేజి (నానమ్మ) చెప్పేది. అమెరికా వాళ్ల ఆర్కాటు మిషన్ 1853లో మొదలైంది, అప్పటికి చిత్తూరు కూడా ఉత్తర ఆర్కాటు జిల్లాలోనే ఉండేది. మిషన్ వాళ్లు ఆడవాళ్లకు బైబిల్ చదివి చెప్పను పల్లెలకు పంపిన ‘బైబిల్ స్త్రీ’ ఒకామె జేజి చిన్నప్పుడు వాళ్ల ఊరికి వచ్చేదట. వచ్చి అరుగుమీద కూర్చుని చింతపండు కొట్టేవాళ్లతో పాటు తనూ గింజలు తీసేది. కబుర్లు, ఎవరి బిడ్డకు జ్వరం, ఎవరికి అప్పు, ఇదే. ఆ సంచిలో పుస్తకం ఏంది అక్కా అని ఆడవాళ్లు అడిగినాకే తీసి చదివింది. చదువు రాని మా జేజికి అక్షరాలు నేర్పిందీ ఆమే. మా ఇంట్లోకి యేసు వచ్చింది చింతపండు దారిన అని జేజి నవ్వేది.

రుయాలో చిన్నమ్మ బాగానే ఉంది. కాలికి కట్టు, నోటికి మాత్రం కట్టు లేదు, వార్డులో అందరి చరిత్రా చెప్పింది.

అక్కడే ఒళ్లు మండింది. ఇద్దరు మగవాళ్లు, ఏ సంఘమో తెలియదు, తెల్లచొక్కాలు, చేతిలో ప్రార్థన చేసి రాసే నూనె సీసా. మంచం మంచం దగ్గరా ఆగి, "ప్రార్థన చేయమంటారా" అని అడగడం, బదులు వచ్చేలోపలే నుదుట చెయ్యి పెట్టి గొంతెత్తడం. ఒక ముసలాయన, సెలైన్ ఎక్కుతున్న చెయ్యి కదలదు, మొహం అటు తిప్పుకున్నాడు. ఆయన కొడుకు లేచి నిలబడి, "అన్నా, ఆయన తిరుమణి పెట్టుకునే మనిషి, వద్దంటా ఉండాడు కదా" అన్నాడు. అంతదాకా ఆగలేదు వాళ్లు. నాకు సిగ్గేసింది, వాళ్ల తరఫున. పోయి, "అయ్యా, పిలిచినోళ్ల దగ్గరికి పోండి" అన్నాను. నా నుదురు చూసి మనవాళ్లే అనుకున్నారు కాబోలు, "మీరు చెప్పాల్సిన మాటేనా సిస్టర్" అన్నారు. నేను చెప్పాల్సిన మాటే. లేచి పోలేని మనిషికి సువార్త చెప్పకూడదు. మంచం మీద రోగి లేచిపోలేడు. బస్సులో కిటికీ వైపు ఇరుక్కున్నవాళ్లు పోలేరు. యేసు సమరయ స్త్రీని బావి దగ్గర మొదట నీళ్లడిగాడు, ఆమె కుండ అక్కడే వదిలి ఊళ్లోకి పోయే వీలు ఆమెకుంది.

తిరుగు ఆటోలో ఇంకో కథ. అద్దం దగ్గర వెంకటేశ్వరస్వామి స్టిక్కరు. డ్రైవరు అద్దంలో నన్ను చూసి, "ఏ సంఘం అక్కా?" అన్నాడు. తను కూడా ఆదివారం ఇంటి ప్రార్థనకు పోతాడట, కాని కాగితాల్లో హిందూ, ఎస్సీ. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతుంది. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఇచ్చారు, మాకు లేదు. మన రాష్ట్రంలో క్రైస్తవులైన ఎస్సీలను వెనుకబడిన తరగతుల్లో బీసీ-సీ కింద పెట్టారు, దానికి ఒక్క శాతం రిజర్వేషన్. ఆయన కూతురు ఇంటర్ చదువుతోంది. "బాప్తిస్మం తీసుకుంటే దాని సర్టిఫికెట్ ఏం గావాల అక్కా?" ఈ మాట వాళ్ల పాస్టరుకు చెప్పలేదట. నాకు చెప్పింది నేనెవరో తెలియదు కాబట్టే. నా దగ్గర జవాబు లేదు. ధైర్యంగా తీసుకో అని చెప్పడం సులువు, మా మామగారి కాలం నుంచి బీసీ-సీలో ఉన్న ఇంటికోడలికి ఇంకా సులువు. ఊరికే విన్నాను. దిగేటప్పుడు తనే అడిగి ఒక కరపత్రం తీసుకుని ఆర్సీ కాగితాల కవర్లో దూర్చాడు.

అన్నం తింటూ ఆసుపత్రి సంగతి చెబితే మా ఆయన, కోర్టులో గుమాస్తా కాబట్టి, చట్టంలోకి పోయాడు. 25వ అధికరణం మతం ప్రచారం చేసుకునే హక్కు ఇస్తుంది, అయితే ఇంకొకరిని మార్చే హక్కు అందులో లేదని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది అని. సరేనన్నాను. నూనె సీసాకు ఏ సెక్షనూ అక్కర్లేదు, కాస్త ఇంగితం చాలు.

శనివారం స్త్రీల సమాజంలో ఎత్తుతాను: వార్డులకు పోయేటప్పుడు కరపత్రాలు, నూనె ఇంట్లో పెట్టి వేడినీళ్లు, జావ తీసుకుపోదాం, ఎవరైనా పిలిచి అడిగితే అప్పుడు ప్రార్థన. సెక్రెటరమ్మ ఒప్పుకోదు, నెల లెక్క ఎట్లా రాయాలి అంటుంది. ఫ్లాస్కుల లెక్క రాయమంటాను.