ఖడ్గమృగాలను చూడబోయి ఆవుల దగ్గర ఆగిపోయాను

నైరోబీలో ఉంటున్న అమ్మాయి, అల్లుడు టికెట్లు పంపగానే మా ఆవిడ మనవరాలి కోసం సున్నుండలు కట్టడంలో పడింది. నేను హైదరాబాద్ నారాయణగూడలో ఎల్లో ఫీవర్ టీకా వరుసలో నిలబడ్డాను. ప్రకాశం జిల్లా పల్లెల్లో ముప్పై నాలుగేళ్లు పశువులకు సూదులు పొడిచినవాణ్ణి, తీరా నా జబ్బ దగ్గరికి సూది వచ్చేసరికి మొహం పక్కకు తిప్పుకున్నాను. టీకా వేసిన నర్సు నవ్వింది. నా ఉద్యోగం ఏమిటో ఆమెకు చెప్పలేదు.

2024 ఫిబ్రవరిలో వెళ్లాం. కెన్యా అనగానే అందరూ మసాయి మారా అంటారు. నేను మాత్రం ఓల్ పెజెటా అభయారణ్యం అని పట్టుబట్టాను. అంతకు నెల ముందే, జనవరి 24న, ఒక వార్త బయటికి వచ్చింది. ప్రయోగశాలలో తయారుచేసిన ఖడ్గమృగం పిండాన్ని అక్కడి అద్దె తల్లి గర్భంలో పెడితే నిలిచింది. ప్రపంచంలో అదే మొదటిసారి. ఆవులకు కృత్రిమ గర్భధారణ చేస్తూ బతుకు గడిపినవాడికి అది మా శాఖలో ఎవరికో పద్మశ్రీ వచ్చినంత సంబరం.

“మామయ్యగారూ, రెండు ఖడ్గమృగాల కోసం అంత దూరమా?” అన్నాడు అల్లుడు.

“ఉత్తరాది తెల్ల ఖడ్గమృగాల జాతిలో మిగిలినవే ఆ రెండు నాయనా,” అన్నాను.

నైరోబీ నుంచి నాన్యుకి దాదాపు రెండు వందల కిలోమీటర్లు. తీకా దగ్గర అనాస తోటలు, ఆ తరువాత కొండల మీద కాఫీ, తేయాకు. నాన్యుకిలో భూమధ్యరేఖ బోర్డు దగ్గర ఒకతను బేసిన్‌లో నీళ్లు పోసి, రేఖకు ఇటువైపు ఒక దిక్కుగా, అటువైపు మరో దిక్కుగా సుడి తిరుగుతుందని చూపించి డబ్బులు అడిగాడు. కిటుకంతా నీళ్లు పోసే చేతిలో ఉంది. మా ఆవిడ నమ్మింది, నేను ఏమీ అనలేదు. 5,199 మీటర్ల కెన్యా పర్వతం మాత్రం మబ్బు చాటునే ఉండిపోయింది.

ఓల్ పెజెటా 90,000 ఎకరాల ప్రైవేటు అభయారణ్యం. గేటు దాటి పావుగంట పోయామో లేదో నేను బండి ఆపించాను. జీబ్రాల పక్కనే ఆవుల మంద మేస్తోంది. మూపురం, వేలాడే గంగడోలు, ఎండకు తట్టుకునే పొట్టి వెంట్రుకలు. బోరాన్ జాతి. ఒంగోలు ఆవుకు దూరపు చుట్టం. “నాన్నా, ఆవులను చూడటానికా ఆఫ్రికా వచ్చింది?” అంది అమ్మాయి. డ్రైవరు కూడా వింతగానే చూశాడు. జీవితంలో మొదటిసారి ఒక పర్యాటకుడు ఖడ్గమృగాన్ని వదిలేసి ఆవు పొదుగు వైపు చూస్తున్నాడని అతను అనుకుని ఉంటాడు.

మంద వెంట ఉన్న కాపరి ద్వారా ఆ పశువుల ఆరోగ్యం చూసే ఆయన పరిచయమయ్యాడు. నాకంటే పదేళ్లు చిన్న. నేను పశువుల డాక్టరునని తెలియగానే ‘డక్తారి’ అన్నాడు, తెల్ల జుట్టు చూసి ‘మ్జీ’ అన్నాడు, పెద్దాయన అని అర్థం. ఫోనులో ఒంగోలు ఆబోతు ఫొటో చూపించాను. అంతే, మిగతా కుటుంబాన్ని సఫారీకి పంపేసి మేమిద్దరం మందు తొట్టి గట్టు మీద కూర్చున్నాం.

ఆ తొట్టి గురించి కాస్త చెప్పాలి. పొడవాటి ఇరుకు కాలువ, నిండా పిడుదుల మందు కలిపిన నీళ్లు. పశువులు ఒక్కొక్కటిగా ఒక కొస దూకి ఈదుకుంటూ రెండో కొస తేలతాయి. ఇది ఆవు కోసమే అనుకున్నాను. సగమే నిజమట. అక్కడి అడవి దున్నల ఒంట్లో ఈస్ట్ కోస్ట్ జ్వరం క్రిమి ఏ జబ్బూ చేయకుండా ఉంటుంది. పిడుదు దాన్ని ఆవుకు ఎక్కిస్తే ఆవు చస్తుంది. మన దగ్గర సంకర జాతి ఆవులను తినేసే థైలేరియా జబ్బుకు ఇది అన్న. మందు పట్టించిన ఆవులు గడ్డిలో తిరుగుతుంటే పిడుదులు వాటికి ఎక్కి చస్తాయి. అంటే అడవి మృగాలకు పట్టాల్సిన పిడుదులను కూడా ఆవులే ఊడ్చిపెడతాయి.

ఇంకో మాట విని మరీ ఆశ్చర్యపోయాను. సింహాల భయానికి రాత్రిళ్లు మందను ఇనుప కంచెల దొడ్డిలో పెడతారు. దాన్ని ‘బోమా’ అంటారు. కొన్నాళ్లకు దొడ్డిని మరో చోటికి మారుస్తారు. పాత చోట పేడా మూత్రం ఇంకి గడ్డి ఏపుగా లేస్తుంది, జింకలు, జీబ్రాలు అక్కడికే చేరతాయి. మన రైతులు గొర్రెల మంద కట్టించుకుని చేను సారవంతం చేసుకోవడం లేదూ? అదే లెక్క. అడవి మృగానికి, ఊరి పశువుకు పడదని చదువుకున్న పాఠం నాది. ఇక్కడ ఒకదాని పేడలో మరొకటి బతుకుతోంది.

మాటల్లో ముసర వ్యాధి, ఇంగ్లీషులో రిండర్‌పెస్ట్, వచ్చింది. 1984లో ఉద్యోగంలో చేరినప్పుడు నేను వేసిన మొదటి టీకా దానికే. రిండర్‌పెస్ట్ అంటే ఈనాటి కుర్ర డాక్టర్లకు పుస్తకంలో పేరు, మాకు నోట్లో పుండ్లు, కంటి నీరు, ఊరవతల గుంటలు. “అది మీ దేశం నుంచే వచ్చిందటగా మ్జీ?” అని ఆయన నవ్వాడు. నవ్వులాటకు అన్నా మాట నిజానికి దగ్గరే. 1887 ప్రాంతంలో ఇటలీ సైన్యం కోసం ఎర్రసముద్రపు ఒడ్డున దించిన పశువులతో, బహుశా భారతదేశపు పశువులతోనే, ఆ రోగం ఆఫ్రికాలో అడుగుపెట్టిందంటారు. పదేళ్లలో ఖండం దక్షిణపు కొసకు పాకింది. దారిలో ఆవులు నూటికి ఎనభై, తొంభై పోయాయి. ఆవులతో పాటు అడవి దున్నలు, జిరాఫీలు, ఆవు పోలికల పెద్ద జింకలైన వైల్డ్‌బీస్ట్‌లు పోయాయి. పశువులే ప్రాణంగా బతికిన మసాయిలు ఆకలికి రాలిపోయారు.

తరువాతి కథలో నాకు గర్వమనిపించే ముక్క ఉంది. వాల్టర్ ప్లౌరైట్ అనే శాస్త్రవేత్త నైరోబీ పక్కనున్న ముగుగాలోనే, ప్రయోగశాలలో పెంచిన కణాల్లో, దాని టీకా తయారుచేశాడు. ఆవులకు టీకా పడటం మొదలయ్యాక పక్కన టాంజానియాలోని సెరెంగెటిలో వైల్డ్‌బీస్ట్‌లు 1960ల మొదట్లో రెండున్నర లక్షల నుంచి 1970ల చివరికి పదమూడు లక్షలయ్యాయి. వాటికి ఎవరూ సూది వేయలేదు. రోగం అడవిలో పుట్టింది కాదు, ఆవు నుంచి వెళ్లింది. ఆవులో ఆగితే అడవిలోనూ ఆగింది. చివరి కేసు 2001లో కెన్యాలోనే, మేరు జాతీయవనంలోని అడవి దున్నల్లో. 2011లో ప్రపంచం ఆ రోగం పోయిందని ప్రకటించింది. మశూచి తరువాత మనిషి భూమ్మీద నుంచి తుడిచేసిన రోగం ఇదొక్కటే. మారాలో వైల్డ్‌బీస్ట్‌లు నది దాటుతుంటే కెమెరాలు పట్టుకునేవాళ్లకు ఈ సంగతి ఎవరైనా చెబుతారో లేదో.

మర్నాడు పొద్దున ఆ రెండు ఖడ్గమృగాలను, నాజిన్, ఫాతులను చూశాం. తల్లి 1989లో, కూతురు 2000లో పుట్టాయి, రెండూ చెక్ దేశపు జంతుప్రదర్శనశాలలోనే. 2009 డిసెంబరులో ఇక్కడికి తెచ్చారు. వాటితో వచ్చిన సుడాన్ అనే మగది 2018 మార్చి 19న పోయింది. ఉత్తరాది తెల్ల ఖడ్గమృగాల్లో అదే ఆఖరి మగది. ఏడు వందల ఎకరాల ఆవరణ, రాత్రీ పగలూ తుపాకులతో కాపలా, వేటగాళ్లకు ఆశ పుట్టకుండా కొమ్ములు కోసేశారు. నాజిన్ లేచేటప్పుడు వెనక కాళ్ల మీద బరువు మోపడానికి తడబడింది. ఆ తడబాటు చూడగానే నా చేయి దాని తుంటి ఎముక తడమాలని లేచింది. కంచె ఇవతలే ఉండాలి కదా, జేబులో పెట్టుకున్నాను.

గర్భం మోసే స్థితిలో రెండూ లేవు. ఫాతుకు గర్భాశయం చెడింది, నాజిన్‌కు కాళ్లు బలహీనం. అందుకే 2019 ఆగస్టు 22న బెర్లిన్, ఇటలీ, చెక్, కెన్యా బృందాలు కలిసి వాటికి మత్తిచ్చి మొదటిసారి అండాలు తీశాయి. పది వచ్చాయి. అదే రోజు విమానంలో ఇటలీలోని క్రెమోనా ప్రయోగశాలకు. ఆవు అండాశయాన్ని నేను మలద్వారంలోంచి చేయి పెట్టి వేళ్లతో గుర్తుపట్టేవాణ్ణి, భుజం దాకా చేయి పోతే చాలు. ఖడ్గమృగానికి అది మీటరున్నర పైగా లోపల ఉంటుంది, ఏ డాక్టరు చేయీ చాలదు. పొడవాటి పరికరం కొసన స్కానింగ్, దానిలోంచి సూది, పక్కనే పెద్ద రక్తనాళం. సూది వెంట్రుకవాసి తప్పితే ప్రాణం పోతుంది. గుంటూరు లాం ఫారంలో ఒంగోలు ఆవులకు పిండమార్పిడి చేసే మిత్రులు పడే తిప్పలు నాకు తెలుసు, దానికి ఇది పదింతలు. పిండాలుగా నిలిచినవన్నీ ఫాతు అండాలే. నాజిన్‌కు 2021లో విశ్రాంతి ఇచ్చేశారు.

జనవరి వార్తలోని పిండం మాత్రం దక్షిణాది తెల్ల ఖడ్గమృగానిది, ముందు పద్ధతి పనిచేస్తుందో లేదో చూడటానికి. 2023 సెప్టెంబరు 24న పెట్టారు. నవంబరులో అద్దె తల్లి చనిపోయింది. కోసి చూస్తే లోపల డెబ్బై రోజుల మగ పిండం, 6.4 సెంటీమీటర్లు, నిక్షేపంగా ఉంది. తల్లిని చంపింది క్లాస్ట్రీడియం అనే బాక్టీరియా. భారీ వానలకు నేల లోపల నిద్రపోతున్న బీజాలు పైకి తేలాయి. ఈ ముక్క చదివినప్పుడు నేను పేపరు మడిచి పక్కన పెట్టాను. తొలకరి వానలకు మన పల్లెల్లో కోడెలను చంపే జబ్బవాపు ఆ కుటుంబానిదే. ఏటా మే, జూన్‌లలో ఆ టీకా వేయించుకోమని రైతుల గడ్డాలు పట్టుకుని బతిమాలినవాణ్ణి. ప్రపంచంలోని మేధావులంతా కూడి నిలబెట్టిన గర్భాన్ని వానాకాలపు మట్టి తీసుకుపోయింది.

ఆ సాయంత్రమే మందు తొట్టి మిత్రుడు ఫోను చేశాడు. నాన్యుకికి ఉత్తరాన పశువుల బీడులో కాలికి ఉచ్చు బిగిసిన జిరాఫీ తిరుగుతోందట, తెల్లవారి ప్రభుత్వ వన్యప్రాణి డాక్టరు వస్తున్నాడట. “దూరంగా నిలబడతానంటే రండి.” అరవై ఆరేళ్ల వయసులో ఇంత ఆత్రంగా నేను పెళ్లిళ్లకు కూడా వెళ్లలేదు.

అది వలలాంటి మచ్చలున్న జిరాఫీ, అంతరించే ప్రమాదం ఉన్నవాటి జాబితాలోకి 2018లో చేరిన జాతి. ఎనిమిది వందల కిలోలు ఉంటుందని నా అంచనా. దుప్పి మాంసం కోసం ఎవరో పెట్టిన కంచె తీగ దీని కుడి ముందరి కాలికి గిట్టపైన దిగబడింది. బండిలోంచి డాక్టరు మత్తు సూది పేల్చాడు. ఆ మందు ఎటార్ఫిన్, మార్ఫిన్‌కు వెయ్యి రెట్ల పైచిలుకు. చుక్క మనిషి ఒంట్లో పడితే ప్రాణం మీదికొస్తుంది కాబట్టి ఒకతను విరుగుడు మందు చేతిలో పట్టుకుని డాక్టరునే చూస్తూ నిలబడ్డాడు.

కొన్ని నిమిషాలకు జిరాఫీ తల వెనక్కి వాల్చి ఆకాశం చూస్తూ, కాళ్లు ఎత్తెత్తి వేస్తూ నడవసాగింది. తాగినవాడి నడక. అప్పుడు పదిమంది పొడవాటి తాడు పట్టుకుని దాని ముందుకు అడ్డంగా పరుగెత్తారు. నాకు గుండె ఆగినంత పనయింది. ఎందుకంటే ఆ దృశ్యం నేను చూసిందే! నాడాలు కొట్టడానికి ఒంగోలు ఎద్దును తాడు వేసి పడేయడం ఇదే కదా. అవతలివాళ్లు లాగారు, ఇవతలివాళ్లు వదిలారు, మెడ ఒక చెట్టు కూలినట్టు కూలింది. పడిన మరుక్షణం ఇద్దరు మెడ మీద, ఒకతను తల మీద కూర్చున్నారు.

తరువాత జరిగింది నా చదువుకు అడ్డంగా ఉంది. డాక్టరు గబగబా మెడ నరంలోకి విరుగుడు మందు ఎక్కించాడు. వైద్యం మొదలుకాకముందే మత్తు దింపేశాడు! జిరాఫీని మత్తులో ఉంచకూడదట. మనిషికి రెండింతల రక్తపోటు, అంత మెడ, కడుపులోది గొంతులోకి వస్తే ఊపిరితిత్తుల్లోకే. కాబట్టి మెలకువగానే, మనుషుల బరువుతో పట్టుకుని పని చేయాలి. తల పైకి ఊపితే తప్ప అది లేవలేదు. ఎద్దు తల అదిమిపెట్టమని మా కాంపౌండరు కుర్రాళ్లను కసిరేవాడు, గుర్తొచ్చింది. కళ్లకు గుడ్డ, చెవుల్లో దూది. కట్టరుతో తీగ తెంచారు, పుండు కడిగారు, మందులు పొడిచారు. నేను దూరంగా నిలబడి, ఎవరూ అడగకపోయినా, డొక్కలు చూస్తూ ఊపిరి లెక్కపెట్టాను. అలవాటు.

అప్పుడు డాక్టరు తలెత్తి నన్ను చూసి ఏదో అన్నాడు. “ఆ తెల్ల జుట్టాయన చేతులు ఊరుకోవడం లేదు, వచ్చి తొడ పట్టుకోమను,” అన్నాడని మిత్రుడు చెప్పాడు. వెళ్లాను. వెనక తొడ మీద రెండు అరచేతులూ ఆనించాను. చర్మం కింద కండ వణుకుతోంది, వేడిగా, సూదికి ముందు కోడె వణికినట్టే. వాసన మాత్రం కొత్త, ఘాటైన ఆకు వాసన. నిమిషమో, రెండు నిమిషాలో. “వదలండి” అన్నాడు. అందరం పరుగెత్తాం, నేను అందరికంటే వెనక. అది మెడ ఒకసారి ఊపి, రెండోసారి లేచి, కుంటుతూ తుమ్మ చెట్ల వైపు వెళ్లింది. వెనక్కి చూడలేదు.

హోటలుకు చేరేసరికి చొక్కా నిండా ఆ ఘాటు, పేడ, పుండు కడిగిన మందు నీళ్లు. అమ్మాయి ఫొటో తీద్దామని ఫోను పట్టుకుని ఎదురొచ్చింది. మా ఆవిడ గది గుమ్మంలో నిలబడి, ముప్పై నాలుగేళ్లు మా ఇంటి పెరట్లో అన్న మాటే అంది.

“అక్కడే ఆగండి. చొక్కా విప్పి స్నానం చేస్తే గాని లోపలికి రావద్దు.”

పెరడు లేదు కదా అంటే, తోటమాలి మొక్కలకు నీళ్లు పెట్టే కుళాయి చూపించింది.